పైవారి యామోదము పొందుట



కొలువులలో ప్రవేశించిన మన యువజనులు నాతో తఱచుగా చెప్పుకొను మొర యొకటి గలదు. “మంచి సూచనయే వ్రాసి పంపితిమి, పైవారు త్రోసిపుచ్చిరి” అని. ఈ దుఃఖము నేనును ఎఱుగుదును. ఉద్యోగమున జేరిన రెండవయేట, దస్త్రములు భద్రపఱచు పద్ధతి మార్చవలెనని ఎనిమిది పుటల విన్నపము వ్రాసితిని. అందు ఏడు పుటలు ఉన్న పద్ధతిని నిందించుటకే చాలెను. వ్యయమెంతయో వ్రాయ మఱచితిని. దానికి ప్రత్యుత్తరమే లేదు.

గోదావరి మండలమువారు నిత్యము చూచిన ధవళేశ్వరపు ఆనకట్ట కూడ ఒకప్పుడు కాగితముమీది సూచనయే. రాజమహేంద్రవరపు జిల్లాలో 1821లో 7,38,000 పైచిలుకు జనముండగా, కరవులవలనను వలసలవలనను 1841 నాటికి 5,61,000కు దిగజాఱెను. శిస్తును పడిపోయెను. 1844లో మాంట్‌గోమరీ దొర విచారించి, నీటివసతులను పరీక్షింపవలెనని వ్రాసెను. ఆ పని ఆర్థర్ కాటన్ దొరకు వచ్చినది.

కాటన్ ప్రజల యాకలిని ఎఱుగనివాడు కాడు. అయినను కంపెనీవారు ముందుగా చూచునది శిస్తు గనుక, పెట్టిన ధనము ఏ రీతిగా మరలివచ్చునో వారి లెక్కలోనే చూపెను. ఇసుకనేలపై కట్ట నిలుచునా యను సందేహమునకు వాదముకంటె బలమైన యుత్తరము ఆయనయొద్ద నుండెను. కావేరిమీద చోళులనాటి కల్లణై యుండనే యున్నది; కొల్లిడముమీద 1836లో తాను కట్టించిన ఆనకట్టయు నిలిచియుండెను. సీమలోని డైరెక్టర్ల యామోదము లభించెను. 1847లో ఆరంభమైన పని 1852లో ముగిసెను.

నా దస్త్రముల సంగతియు చెప్పి ముగింతును. మఱుసటియేడు ముందుగా లెక్కల గుమాస్తాగారియొద్దకు పోయితిని. అడ్డుచెప్పువారు ఆయనయే గదా! ఆయన యడిగిన ప్రశ్నలన్నియు వ్రాసికొని, అధికారి యనుమతితో ఒక్క బీరువాలో క్రొత్త పద్ధతి నడిపి చూపితిని. ఈసారి విన్నపము ఒక్క పుట. వారములోనే సంతకమయ్యెను. నిజమునకు అందు సగము గుమాస్తాగారి బుద్ధియే.

మన విద్యార్థి వసతిగృహపు తీర్మానము నేటి సభకు మరల రానున్నది. గత మూడు సభలలోను కరతాళధ్వనులమధ్య నెగ్గి, పిమ్మట కదలక నిలిచినది. ఈ పర్యాయము బాలబాలికల సంఖ్య, ఇంటి యద్దె, భోజనవ్యయము వేర్వేఱుగా వ్రాసి, పదిమందితో ఒక్క యేడు నడుపుటకు వలయు మొత్తమును చూపి కార్యదర్శిగారికి ఇచ్చియున్నాను. పోషకమహాశయులు ఆ కాగితమును చూచి, సందేహములను మొగమాటము లేక ఇచ్చటనే యడుగ ప్రార్థించుచున్నాను.