డాల్ఫిన్ ముక్కు

విశాఖపట్టణపు రేవుకు దక్షిణాన యారాడ కొండ సముద్రంలోకి చొచ్చుకొనివచ్చి నిటారుగా నిలిచిపోతుంది. ఓడమీదినుంచి చూచేవారికి అది డాల్ఫిను ముట్టెవలె తోచినందున ఆ పేరే స్థిరపడింది. 1933లో రేవు తెరచిన నాటినుంచి తుపానువేళ లోపలి ఓడలకు ఈ కొండే చాటు. 1957నుంచి దానిపై దీపస్తంభం వెలుగుతున్నది.

ఈ రాతిని భూగర్భశాస్త్రజ్ఞులు ఖోండలైటు అంటారు. తూర్పు కనుమలలోని ఖోందుల పేరే దానికి పెట్టారు. అందులోని ఎర్రని గార్నెట్ గింజలను అలలు ఒరసి ఒరసి విడదీస్తాయి. ఇసుకమీద అక్కడక్కడ కనిపించే ఎరుపు చారలు అవే. పాదాలకంటిన రేణువులను దులుపుకొనేముందు ఒకసారి ఎండలో పట్టి చూడండి. తలయెత్తితే తెల్లని తల, ఇటుకరంగు రెక్కలు గల గరుడపక్షులు గాలిలో తేలుతుంటాయి.

కొండకు ఆవల యారాడ తీరం. శీతకాలం వెళ్లే రోజులలో, రాత్రివేళ, ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఈ తీరాలకు వస్తాయి. ఇసుకలో గుంట తవ్వి, సుమారు నూరు గుడ్లు పెట్టి, పూడ్చి, మరలిపోతాయి. ఏడెనిమిది వారాలకు పిల్లలు పైకి వస్తాయి. వాటికి దారిచూపే తల్లి లేదు. చీకటిలో ఏ దిక్కు వెలుతురుగా ఉంటే అదే సముద్రం. నగరపు విద్యుద్దీపాలు నీటి మెరుపును మించిపోయినచోట ఆ పసికూనలు నేలవైపు పాకి కుక్కల పాలవుతున్నాయి. అటవీశాఖవారు గుడ్లను సేకరించి, కంచెలలో కాపాడి, పిల్లలను నీటిలో విడుస్తున్నారు. మంచి పనే. అయితే వారి కంటబడని గుంటలూ ఉంటాయి. ఒడ్డున ఇళ్లూ హోటళ్లూ ఉన్నవారు ఆ నాలుగు నెలలూ ఇసుకవైపు దీపాలను రాత్రిళ్లు ఆర్పివేయవచ్చు. ఓడలకు వెలుగు కావాలి. అది కొండమీద ఉన్నది.