33 ఏళ్లకే యూరప్ కప్పు గెలిచిన కోచ్‌ని చెల్సీ తొమ్మిది నెలలు నిండకుండానే ఎందుకు పంపించేసింది?

క్రికెట్ వదిలేసి ఫుట్‌బాల్ ఏంటి అనుకోకండి. ఈ ఎపిసోడ్‌లో ఆట కొంచెం తక్కువే, ఉద్యోగం సంగతే ఎక్కువ. చిన్న వయసులో పెద్ద కుర్చీ దొరికితే ఏమవుతుంది? ఆండ్రే విల్లాస్-బోయాస్ అనే పోర్చుగల్ మనిషి కథలో అదంతా ఉంది.

ముందు ఒక మాట. ఫుట్‌బాల్‌లో మేనేజర్ అంటే మన ఆఫీసుల్లో లీవ్ అప్రూవ్ చేసే మేనేజర్ కాదు. జట్టుకి హెడ్ కోచ్. ఎవరు ఆడాలి, ఎవరు బెంచ్ మీద కూర్చోవాలి, ఎలా ఆడాలి, అన్నీ ఆయనే చూసుకోవాలి. ఓడితే ముందు పోయేది కూడా ఆయన ఉద్యోగమే.

మనవాడు 1977లో పోర్టో నగరంలో పుట్టాడు. ప్రొఫెషనల్‌గా ఎప్పుడూ ఆడలేదు. 1994లో ఎఫ్‌సీ పోర్టో క్లబ్‌కి ఇంగ్లండ్‌కి చెందిన బాబీ రాబ్సన్ కోచ్‌గా వచ్చాడు. అంతకుముందు ఇంగ్లండ్ జాతీయ జట్టునే నడిపిన పెద్దాయన. ఆయన దిగింది సరిగ్గా ఈ కుర్రాడు ఉండే అపార్ట్‌మెంట్లోనే. డొమింగోస్ అనే స్ట్రైకర్‌ని ఎందుకు సరిగ్గా ఆడించట్లేదు అని ఈ పదహారేళ్ల కుర్రాడు చీటీ రాసి రాబ్సన్ లెటర్ బాక్సులో పడేశాడు. మామూలుగా అయితే ఆ చీటీ చెత్తబుట్టలోకి పోవాలి. రాబ్సన్ మాత్రం కుర్రాడిని దగ్గరికి తీశాడు. క్లబ్‌లో మ్యాచ్‌లు గమనించే విభాగంలో చోటిప్పించాడు, కోచింగ్ కోర్సులకి దారి చూపించాడు. మనవాడి నాయనమ్మ ఇంగ్లిష్ ఆవిడ, కాబట్టి భాష ఇబ్బంది కూడా లేదు. అప్పట్లో రాబ్సన్ పక్కన దుబాసీగా తిరుగుతున్న ఇంకో మనిషి ఎవరో తెలుసా? జోసె మొరీనియో.

21 ఏళ్లకే కరీబియన్‌లోని బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్ జాతీయ జట్టుకి టెక్నికల్ డైరెక్టర్ అయ్యాడు. మన బీటెక్ వాళ్లు క్యాంపస్ ఇంటర్వ్యూలకి టై కట్టుకునే వయసు అది. ఆ తర్వాత మొరీనియో టీమ్‌లో చేరి పోర్టో, చెల్సీ, ఇంటర్ మిలాన్ వరకు ఆయన వెంటే వెళ్లాడు. పని ఏంటంటే ప్రత్యర్థి జట్లని చూసి రిపోర్టులు రాయడం. ఎవరు ఎటు తిరుగుతారు, ఎవరికి కోపం తొందరగా వస్తుంది, ఏ వైపు ఖాళీ దొరుకుతుంది, ఇలాంటివి. చెల్సీలో ఈ పని చేశాడన్న సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ అక్కడికే వస్తాం.

2009లో సొంతంగా అకాడమికా అనే చిన్న క్లబ్ తీసుకున్నాడు. ఏడాది తిరిగేసరికి పోర్టో పిలిచింది. 2010-11 లీగ్‌లో 30 మ్యాచ్‌లు ఆడి 27 గెలిచారు, 3 డ్రా, ఓటమి సున్నా. రెండో స్థానంలో ఉన్న బెన్ఫికా కంటే 21 పాయింట్లు ఎక్కువ. అదీ టైటిల్ ఖాయం చేసుకున్నది బెన్ఫికా సొంత మైదానంలో! వీళ్లు సంబరాలు చేసుకుంటుంటే వాళ్లు లైట్లు ఆపేసి, గడ్డికి నీళ్లు కొట్టే స్ప్రింక్లర్లు ఆన్ చేశారు. ఆ సీజన్‌లోనే యూరోపా లీగ్ కూడా గెలిచారు. యూరప్ టైటిల్ గెలిచిన అతి పిన్న వయసు కోచ్ అయ్యాడు, 33 ఏళ్లకి. ఆ ఫైనల్లో ఎదురుగా ఉన్న బ్రాగా జట్టు కోచ్ ఎవరంటే డొమింగోస్. అవును, చీటీలో పేరున్న ఆ స్ట్రైకరే. సినిమాలో పెడితే మరీ ఓవర్ అంటాం.

వెంటనే చెల్సీ దిగింది. ఆటగాళ్ల కోసం క్లబ్బులు డబ్బు కట్టడం మామూలే. ఇక్కడ ఒక కోచ్‌ని విడిపించుకోవడానికి 1.5 కోట్ల యూరోలు కట్టారు. మూడేళ్ల కాంట్రాక్టు.

అక్కడ జట్టు చూడండి. లాంపార్డ్, డ్రోగ్బా ఇద్దరూ 1978లో పుట్టినవాళ్లు. అంటే ఈయన కంటే నెలలే చిన్న. టెర్రీ, చెక్, వీళ్లంతా మొరీనియో కాలం నుంచి ఉన్నవాళ్లే. వాళ్లకి ఈయన ఎలా తెలుసు? రిపోర్టులు తెచ్చిచ్చే కుర్రాడిగా. నిన్నటిదాకా మనకి టెస్టింగ్ రిపోర్టులు పంపిన అబ్బాయి ఇవాళ డైరెక్టర్‌గా వచ్చి, ‘అన్నా, ఈ వారం నువ్వు బెంచ్’ అంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

పైగా వచ్చీ రాగానే ఆట తీరే మార్చబోయాడు. డిఫెండర్లు గోల్ దగ్గర కాపలా కాయకుండా మైదానం మధ్య దాకా వచ్చి నిలబడాలి, ప్రత్యర్థిని వాళ్ల సగంలోనే నొక్కేయాలి. బాల్ చేజారితే వెనకంతా ఖాళీ, కాబట్టి వెనక్కి పరిగెత్తే కాళ్లు కావాలి. ఆ కాళ్లు అప్పటికే అలిసిపోయి ఉన్నాయి. 2011 అక్టోబర్‌లో ఆర్సెనల్ వాళ్లు సొంతగడ్డ మీదే 5-3తో కొట్టి వెళ్లారు. డిసెంబర్‌లో క్లబ్ వదిలి వెళ్లడానికి అడిగిన అనెల్కా, అలెక్స్‌లని మెయిన్ టీమ్‌తో ప్రాక్టీస్ చేయనివ్వలేదు. నా ఉద్దేశంలో అసలు నష్టం అక్కడే జరిగింది. అలాంటిది చేస్తే డ్రెస్సింగ్ రూమ్‌లో మిగిలిన సీనియర్లంతా రేపు మన వంతు అనే అనుకుంటారు. ఫిబ్రవరిలో నాపోలి మీద చాంపియన్స్ లీగ్ మ్యాచ్‌కి లాంపార్డ్‌నీ ఆష్లీ కోల్‌నీ ముందు దించలేదు. 3-1తో ఓడారు. 2012 మార్చి 4న ఉద్యోగం పోయింది.

అసలు దెబ్బ దాని తర్వాతే. ఈయన అసిస్టెంట్ డి మాటియోనే తాత్కాలిక కోచ్‌గా పెట్టారు. ఆయన సీనియర్లని వెనక్కి పిలిచి, వెనక నిలబడి కాచుకునే ఆట ఆడించాడు. నాపోలిని తిప్పికొట్టారు, బార్సిలోనాని దాటారు, మే నెలలో మ్యూనిక్‌లో కప్పు ఎత్తారు. ఫైనల్లో 88వ నిమిషంలో సమం చేసిందీ, చివరి పెనాల్టీ కొట్టిందీ డ్రోగ్బానే.

మరి ఈయన చెప్పింది తప్పా? నేనైతే తప్పనను. ఆ జట్టుకి వయసైపోతోంది అన్నది నిజం. అందుకే మార్చమని తెచ్చారు కూడా. కానీ మూడేళ్ల పనిని మూడు నెలల్లో చేయబోయాడు, యజమాని ఏమో తొమ్మిది నెలలు కూడా ఆగలేదు.

తర్వాత టోటెన్‌హామ్. మొదటి సీజన్లో 72 పాయింట్లు తెచ్చినా అయిదో స్థానమే వచ్చింది. గారెత్ బేల్‌ని రియల్ మాడ్రిడ్‌కి అమ్మేశారు. 2013 డిసెంబర్‌లో లివర్‌పూల్ చేతిలో 5-0, మర్నాడే బయటికి. అక్కడి నుంచి రష్యా, జెనిత్ క్లబ్. 2015లో లీగ్, 2016లో కప్పు గెలిచాడు. తర్వాత షాంఘై, ఒక సీజన్, రెండో స్థానం. ఆపై ఫుట్‌బాల్ పక్కన పెట్టి 2018లో డకార్ ర్యాలీలో టయోటా తోలాడు! పెరూ ఇసుక దిబ్బల్లో ప్రమాదం, నడుముకి దెబ్బ, అంతటితో సరి.

2019లో మార్సెయి వెళ్లి మొదటి సీజన్లోనే జట్టుని ఫ్రాన్స్‌లో రెండో స్థానానికి తెచ్చాడు. 2021 ఫిబ్రవరిలో తనకి ఇష్టం లేకుండా ఒక ఆటగాడిని కొన్నారని విలేకరుల ముందే చెప్పి, రాజీనామా ఇస్తున్నానన్నాడు. క్లబ్ సస్పెండ్ చేసి పంపించేసింది. అప్పటికి వయసు 43. చాలామంది కోచ్‌లకి అసలు కెరీర్ మొదలయ్యే వయసు. ఈయన మళ్లీ ఏ జట్టుకీ కోచ్‌గా వెళ్లలేదు.

2024 ఏప్రిల్‌లో పోర్టో క్లబ్ అధ్యక్ష ఎన్నికల్లో నిలబడ్డాడు. ఎదురుగా 1982 నుంచి కుర్చీలో ఉన్న పింటో డ కోస్టా. అప్పట్లో ఈయనకి కోచ్ ఉద్యోగం ఇచ్చింది కూడా ఆయనే. సభ్యుల ఓట్లలో సుమారు 80 శాతం మనవాడికే పడ్డాయి.

ఇక 2025 వేసవిలో పోర్టోకి కొత్త కోచ్ కావాల్సొచ్చింది. అధ్యక్షుడి హోదాలో ఈయన ఎవర్ని తెచ్చాడో చూడండి. ఫ్రాన్సెస్కో ఫరియోలి, ఇటలీ వాడు, వయసు 36. పేరున్న ఆటగాడు కాదు, చదివింది ఫిలాసఫీ. ఖతార్, టర్కీ, ఫ్రాన్స్, నెదర్లాండ్స్ అన్నీ తిరిగి వచ్చాడు. అంతకు కొన్ని వారాల ముందే అయాక్స్‌తో 9 పాయింట్లు ముందుండి, చివరి అయిదు మ్యాచ్‌ల్లో లీగ్ టైటిల్ చేజార్చుకున్నాడు. అలాంటి కుర్రాడికే కాంట్రాక్టు ఇచ్చాడు.

ఫరియోలి మీద విడిగా ఎపిసోడ్ కావాలంటే కామెంట్లో చెప్పండి. ఉంటాను మరి.