నొప్పి చెప్పుకోనివ్వండి



పిల్లవాడు కింద పడి ఏడుస్తూ ఇంటికొస్తే మన నోట ముందుగా వచ్చే మాటేమిటో ఒక్కసారి గుర్తు చేసుకోండి. "అందుకే పరిగెత్తొద్దన్నాను!" అంటాం. దెబ్బ ఎక్కడ తగిలిందో చూడకముందే తప్పెవరిదో తేల్చేస్తాం. ఆ మాట ఎంత దూరం తీసుకుపోతుందో నేను కిందటేడు మా వాళ్ళింట్లోనే కళ్ళారా చూశాను. అందులో నా తప్పూ ఉంది. అదే ఇవాళ మీతో చెప్పుకుందామని.

మా చెల్లెలి కూతురికి పదిహేనేళ్ళు. ఆరో ఏట నుంచీ జిమ్నాస్టిక్స్ నేర్చుకుంటోంది. అదేదో సర్కస్ అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు కనుక నాలుగు ముక్కలు చెబుతాను. ఆడపిల్లలకు ఇందులో నాలుగు అంశాలు. పరిగెత్తుకొచ్చి వాల్టు అనే దిమ్మ మీద చేతులానించి గాలిలో పల్టీ కొట్టి దిగడం ఒకటి. ఎత్తూ తక్కువా ఉన్న రెండు కమ్మీల మీద ఊగడం రెండోది. పది సెంటీమీటర్ల వెడల్పున్న, అంటే జానెడు కూడా లేని దూలం మీద విన్యాసాలు మూడోది. సంగీతానికి తగ్గట్టు నేల మీద చేసేవి నాలుగోది. చూసేవాళ్ళకు గాలిలోకి ఎగరడమే గొప్పగా కనిపిస్తుంది గానీ, అసలు కష్టమంతా దిగడంలో ఉందిట. దిగేటప్పుడు ఒంటి బరువుకు ఎన్నో రెట్లు మోకాళ్ళ మీద పడుతుంది.

మా పిల్లకు జరిగింది కూడా అక్కడే. వాల్టు మీంచి దిగుతుంటే మోకాలు లోపలికి మెలిపడి, "టప్"మని చప్పుడైందిట. తొడ ఎముకనూ కాలి ఎముకనూ కలిపి పట్టుకునే తాడులాంటిది మోకాలి లోపల ఒకటుంటుంది. డాక్టర్లు ఏసీఎల్ లిగమెంటు అంటారు. అది తెగిపోయింది. ఆపరేషన్ చేసి, తొడ వెనక వైపునుంచి కొంత స్నాయువు తీసి, దాని స్థానంలో అమర్చారు.

ఇక చూడండి, పలకరింపులు! ఒకావిడ నల్లేరు పచ్చడి చేసుకొచ్చింది, ఎముక అతుక్కుంటుందని. పాపం, విరిగింది ఎముక కాదు. ఇంకొకావిడ పిల్ల వింటూండగానే, "కాలికి కత్తి పడ్డ పిల్లను రేపు ఎవరు చేసుకుంటారమ్మా?" అంది. మా చెల్లెలు వాళ్ళ ముందు ఏమీ అనలేదు గానీ, ఆ రాత్రి నుంచీ "ఇంక చాలు, చదువు చూసుకో" అనడం మొదలుపెట్టింది. కూతురు కాస్త మొహం చిట్లిస్తే చాలు, "నొప్పా? అయితే మానెయ్" అనేది. తల్లి భయం తల్లిది. కాదంటామా!

వ్యాయామం నేర్పడానికి వచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి మొదటిరోజే చెప్పింది, ఇది నెలల తరబడి పని అని. మొదట్లో మోకాలు పూర్తిగా చాపడం, వాపు తగ్గించడం. మోకాలి కింద తువ్వాలు చుట్టపెట్టి దాన్ని అదమడం. తరవాత కర్రల్లేకుండా నడక, సైకిలు తొక్కడం, ఒంటికాలి మీద సగం వంగి లేవడం. ఆ తరవాతే మెల్లగా పరుగు. గెంతడం ఇంకా తరవాత. తిరిగి ఆటలోకి వెళ్ళడానికి తొమ్మిది నెలలు దాటాలి, ఒక్కోసారి ఏడాది పట్టవచ్చు. అదీ రోజులు లెక్కపెట్టి కాదు. ఒంటికాలితో గెంతించి, రెండు కాళ్ళ బలమూ ఇంచుమించు సమానమయిందని చూశాకే.

నాకొక సందేహం వచ్చి అడిగాను. "నాలుగో నెలకే పిల్ల చక్కగా నడుస్తోందిగా, ఇంకా ఎందుకమ్మా?" అని. ఆ అమ్మాయి నవ్వి, "స్లాబు వేసిన మర్నాడు పైకి గట్టిగానే కనబడుతుంది. అప్పుడే సెంట్రింగు తీసేస్తామా అండీ?" అంది. కొత్తగా అమర్చినదానికి లోపల రక్తప్రసారం ఏర్పడి, అది లిగమెంటుగా మారడానికి చాలా నెలలు పడుతుందిట. 2016లో వెలువడిన ఒక పరిశోధనలో ఈ ఆపరేషన్ అయినవాళ్ళను రెండేళ్ళు గమనించారు. తొమ్మిది నెలల వరకూ ఆటలోకి వెళ్ళడం ఒక్కొక్క నెల ఆలస్యం చేసినకొద్దీ మోకాలికి మళ్ళీ దెబ్బ తగిలే ప్రమాదం సగానికి సగం తగ్గిందిట. పదో తరగతితో చదువు ఆపేసిన నాకే అర్థమైంది, ఇందులో తొందరకు చోటు లేదని.

మా పిల్లకు అర్థం కాలేదు. అయిదో నెలలో ఎవరూ చూడకుండా మేడ మీద గెంతడం మొదలుపెట్టింది. ఒక సాయంత్రం మెట్లు దిగుతూ గోడ పట్టుకోవడం నేను చూశాను. అడిగితే నా చెయ్యి పట్టుకుని, "పెద్దమ్మా, నొప్పిగా ఉంది. అమ్మకు చెప్పకు. చెబితే మానిపించేస్తుంది" అంది. ఆ కళ్ళు చూసి నేను సరేనన్నాను. వారం రోజులు నోరు మెదపలేదు. ఎనిమిదో రోజుకు మోకాలు బత్తాయికాయంత వాచింది.

పరీక్ష చేయిస్తే అదృష్టవశాత్తూ లోపల ఏమీ తెగలేదు. కానీ నెల రోజులు వెనక్కి వెళ్ళాం. మా చెల్లెలు నన్ను ఏమన్నా పడేదాన్నే. "అక్కా, నీకు చెప్పింది, నాకెందుకు చెప్పలేదే?" అని మాత్రం అడిగింది. నేనేం చెప్పను? ఫిజియోథెరపీ అమ్మాయే మెల్లగా అంది: "నొప్పి రావడం తప్పు కాదండీ. ఎక్కడ, ఎప్పుడు, ఎంత అని చెబితే వ్యాయామం మారుస్తాం. దాచిపెడితే మేమేం చెయ్యగలం? ఇంట్లో నొప్పి మాటెత్తితే ఆట మానెయ్యమంటారని మీ అమ్మాయి భయం."

ఆ రోజు తల్లీ కూతుళ్ళిద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. నొప్పి చెప్పినందుకు ఆట మానిపించనని తల్లి మాట ఇచ్చింది. నొప్పి దాచనని కూతురు మాట ఇచ్చింది. ఆ పూట పిల్ల ఏడ్చిన ఏడుపు, ఆపరేషన్ రోజున కూడా ఏడవలేదు.

పిల్ల గదిలో గోడ మీద దీపా కర్మాకర్ బొమ్మ ఉంది. త్రిపురలోని అగర్తలా అమ్మాయి. ఒలింపిక్స్‌కు అర్హత సాధించిన మొట్టమొదటి భారతీయ మహిళా జిమ్నాస్టు. 2016లో రియోలో ప్రొడునోవా అనే అతి కష్టమైన వాల్టు చేసి, 0.150 పాయింట్ల తేడాతో కాంస్యం చేజారి నాలుగో స్థానంలో నిలిచింది. మా పిల్లకు ఆ కథ కంఠస్థం. ఆ తరవాతి కథ నేను చదివి వినిపించాను. 2017లో దీపకూ ఇదే లిగమెంటు తెగింది, ఆపరేషన్ అయింది. 2018 ఏప్రిల్‌లో జరిగిన కామన్వెల్త్ క్రీడలకు ఆమె వెళ్ళలేదు. అంతకు ముందు 2014లో కాంస్యం గెలిచిన క్రీడలవి! ఆ జూలైలో టర్కీలోని మెర్సిన్‌లో తిరిగొచ్చి, వాల్టులో బంగారు పతకం తెచ్చింది. అక్కడ ప్రొడునోవా జోలికి పోలేదు, అంతకన్నా తేలికైన వాల్టులే చేసింది.

అక్కడితో కథ సుఖాంతం అయిందనుకోకండి. ఆ ఆగస్టులోనే జకార్తాలో ఆసియా క్రీడలప్పుడు మోకాలు మళ్ళీ బాధించింది. తరవాత నిషిద్ధ పదార్థం విషయమై 21 నెలల సస్పెన్షనూ అనుభవించింది. అది 2023 జూలైతో ముగిసింది. 2024 మేలో తాష్కెంట్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్స్‌లో వాల్టు స్వర్ణం గెలిచింది. మన దేశానికి ఆ పోటీల్లో అదే మొదటి స్వర్ణం. ఆ అక్టోబరులో, 31వ ఏట, ఆట నుంచి విరమించుకుంది.

మన హైదరాబాదు అమ్మాయి బుద్దా అరుణారెడ్డీ అంతే. 2018లో మెల్‌బోర్న్ ప్రపంచ కప్‌లో వాల్టు కాంస్యం గెలిచింది. మోకాలి ఆపరేషన్ తరవాత 2021 డిసెంబరులో కైరోలో వాల్టులోనూ, నేల విన్యాసాల్లోనూ రెండు స్వర్ణాలు సాధించింది.

ఇవన్నీ విని మా పిల్ల ఒక్కటే అడిగింది: "అయితే ఒక పోటీ పోతే అంతా పోయినట్టు కాదన్నమాట, కదా పెద్దమ్మా?" కాదమ్మా, కాదు.

పదకొండో నెలలో శిక్షణకు వెళ్ళింది. మొదటి వారాలు కమ్మీల మీద ఊగడమే, కిందికి దూకడం లేదు. తరవాత మెత్తని పరుపుల మీద, తక్కువ ఎత్తునుంచి, దిగడం ఒక్కటే. అంతకు ముందు అవలీలగా చేసినవి చిన్నపిల్లలా మళ్ళీ మొదలుపెట్టాలంటే మనసు ఎంత కష్టపెట్టుకుని ఉంటుందో! తోటి పిల్లలు ముందుకు వెళ్ళిపోయారు మరి. వాల్టు దగ్గరికి ఇంకా పోలేదు. పోతుందో లేదో నేను చెప్పలేను. రేపటి పతకాల మాట ఎందుకు, ఇవాళ ఇష్టంగా వెళ్ళి ఇష్టంగా వస్తోంది.

మొన్న సాయంత్రం నేను వాళ్ళింట్లో ఉండగానే వచ్చింది. చెప్పులు విప్పుతూనే, "అమ్మా, ఇవాళ మోకాలి పక్కన కాస్త పట్టేసింది" అంది. నేను ఊపిరి బిగబట్టాను. మా చెల్లెలు పొయ్యి కట్టేసి, చెయ్యి తుడుచుకుని వచ్చి, "ఏదీ, ఎక్కడో చూపించు" అంది.

చూశారా, ఆ ఒక్క మాట నేర్చుకోవడానికి మాకు ఏడాది పట్టింది. మీ పిల్లలు ఆటగాళ్ళే కానక్కరలేదు. దెబ్బ అయినా, తప్పిన పరీక్ష అయినా, మనసుకు తగిలిన బాధ అయినా, ఇంటికొచ్చి చెప్పినప్పుడు ముందు "ఎక్కడో చూపించు" అనండి. మందలింపులకేం, తరవాత తీరిక దొరుకుతుంది.