చలికాలంలో గుర్రం చిక్కిపోతోందా? ముందు చెయ్యి వేసి చూడండి

వెనకాల పొగమంచు కనిపిస్తోంది కదా, ఎఫెక్ట్ కాదు, నిజమే. పాడేరు పైన మా ఊళ్ళో ఉన్నా. టైమ్ ఎనిమిది దాటింది, ఇంకా ఎండ రాలేదు.

ఇది మా బాబాయి గుర్రం. ఆడది. రోడ్డు లేని ఊళ్ళలో సంతకి సరుకు వెళ్ళాలంటే ఇదే బండి. డిసెంబర్‌లో నేను వచ్చినప్పుడు నడక నెమ్మదిగా అనిపించింది. అడిగితే బాబాయి, "చలికి కొంచెం తగ్గిందిరా, వేసవికి అదే లేస్తుంది" అన్నాడు. చూడ్డానికి నాకూ బాగానే ఉంది. చలికాలం బొచ్చు ఒత్తుగా పెరుగుతుంది కదా, లోపల ఏముందో కనపడనివ్వదు. డొక్క మీద అరచెయ్యి పెట్టి నొక్కితే, వేళ్ళకి ఎముకలే తగిలాయి.

అందుకే మొదటి మాట. ఫోటో చూసి నమ్మొద్దు. పక్కటెముకలు, వెన్ను, తోక మొదలు, ఈ మూడు చోట్లా వారానికోసారి చెయ్యి పెట్టి చూడండి.

అసలు ఎందుకు చిక్కుతుంది? మా దగ్గర కాఫీ పళ్ళ కోత నవంబర్ నుంచి. మోత ఎక్కువయ్యేది అప్పుడే, కొండ మీద గడ్డి ఎండిపోయేదీ అప్పుడే, చలి పెరిగేదీ అప్పుడే. మూడూ కలిసి దాని మీదే పడతాయి.

ఇక మేం చేసిన తప్పు చెప్తా. బలం రావాలని ఒకేసారి దాదాపు రెండు కిలోల పచ్చి ఉలవలు పెట్టేశాం. రాత్రికి కాలితో నేల గీకడం, పడుకుని దొర్లడం, పొట్ట వైపు తిరిగి చూడటం. కడుపునొప్పి, దాన్నే కోలిక్ అంటారు. గుర్రానికి అది ప్రాణం తీసే జబ్బు. ఆ రాత్రి ఎవరం నిద్రపోలేదు.

పొద్దున వచ్చిన పశువుల డాక్టర్ గారు కడుపు చూశాక నోరు తెరిచి చూశారు. దవడపళ్ళ అంచులు కత్తిలా పెరిగి బుగ్గ కోసుకుపోయింది. నమిలి ఉమ్మేసిన గడ్డి ఉండలు పాకలో ఎన్ని రోజులుగా పడి ఉన్నాయో, మాకు అర్థం కాలేదు. ఆయన ఆకురాయితో పళ్ళు అరగదీశారు. నులిపురుగుల కోసం పేడ, సర్రా కోసం రక్తం టెస్టుకి తీసుకున్నారు. సర్రా జోరీగలు వ్యాపింపజేసే జబ్బు, ఉండుండి జ్వరం వస్తుంది, తిన్నా చిక్కిపోతుంది. టెస్టులో ఏదీ లేదు. మీ ఊరికి డాక్టర్ దూరమైతే 1962కి ఫోన్ చేయండి.

తిండి విషయం కొంచెం ఆగి చెప్తా, అసలు సంగతి ఇక్కడే ఉంది. గడ్డి గుర్రం పెద్దపేగులో పులిసేటప్పుడు వేడి పుడుతుంది. అంటే దాని లోపలి కుంపటికి కట్టెలు గడ్డే, గింజలు కాదు. బరువు కొలవడానికి మామూలు టైలర్ టేపు చాలు. ఛాతీ చుట్టుకొలతని అదే అంకెతో గుణించి, భుజం ముందు ఎముక నుంచి పిర్ర చివరి వరకు పొడవుతో గుణించి, 11,880తో భాగించాలి. అన్నీ సెంటీమీటర్లలో. మాది 135, 125. దాదాపు 192 కిలోలు వచ్చింది. బరువు పెరగాలంటే అందులో రెండున్నర శాతం, రోజుకి సుమారు 5 కిలోల ఎండు మేత కావాలి. ఎక్కువ భాగం రాత్రికి వేస్తున్నాం. ఒట్టి వరిగడ్డిలో బలం తక్కువ, అందుకే చోడిగడ్డి, ఎండబెట్టిన కొండగడ్డి కలుపుతున్నాం.

ఉలవలు మానలేదు. ఉడకబెట్టి, గుప్పెడుతో మొదలెట్టి, పది రోజుల్లో మెల్లగా పెంచాం. తవుడు రోజూ ఎక్కువ పెట్టొద్దు, అందులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ, ఎముకలు పాడవుతాయి. బూజు పట్టిన మొక్కజొన్న అస్సలు వద్దు. కోళ్ళ దాణా కూడా వద్దు, అందులో కలిపే కొన్ని మందులు గుర్రాన్ని చంపేస్తాయి.

నీళ్ళు మంచులా ఉంటే గుర్రం తక్కువ తాగుతుంది, పేగులో మేత గట్టిపడుతుంది. పొయ్యి మీద చెంబు కాచి బకెట్లో కలపండి, గోరువెచ్చగా ఉంటే చాలు. వీపు తడిస్తే బొచ్చు అణిగిపోయి వెచ్చదనం పోతుంది, అందుకే పైన కప్పు ఉండాలి, గాలి వచ్చే వైపు తడిక.

కష్టమైంది మోత. శరీర బరువులో ఐదో వంతు అని మామూలుగా చెప్పే లెక్క, అంటే మా గుర్రానికి 38 కిలోలు. చిక్కినప్పుడు అదీ ఎక్కువే. బాబాయి నా మొహం చూసి, "మరి కాఫీ నువ్వు మోస్తావా?" అన్నాడు. మోశానండి. రెండు వారాలు నేను, పిన్ని, బాబాయి తలా కొంత. ఆ రెండు వారాలు సంతకి తక్కువ సరుకే వెళ్ళింది, డబ్బులూ తక్కువే వచ్చాయి. పిన్ని ఇప్పటికీ దెప్పుతోంది.

నిన్న టేపు వేశాం. ఛాతీ 138. లెక్కేస్తే 200 కిలోలు. ఇదిగో, డొక్క మీద చెయ్యి పెడుతున్నా చూడండి, ఎముక ఇంకా తగులుతోంది, కానీ నొక్కితేనే. జీను ఇంకో వారం వెయ్యొద్దని బాబాయే అన్నాడు. సరే ఫ్రెండ్స్, దీనికి నీళ్ళు పెట్టే టైమ్ అయింది, ఉంటా.