తోడేలు ఋతుచర్య



వరికోతలు ముగిసిన పిమ్మట మెట్టసీమల గొఱ్ఱెలకాపరులు మందలను తోలుకొని కృష్ణా డెల్టాకు దిగివత్తురు. రైతు పొలమున మంద కట్టించుకొనును. కాపరికి మేపు దొరకును. రాత్రి మంటచుట్టు చేరినపుడు వారి మాటలలో తోడేలు తప్పక వచ్చును. ప్రకాశం బ్యారేజి కాలువలు పారు ఈ మాగాణిలో నున్నది నక్కయే. తోడేలు పచ్చికబయళ్లు, చిట్టడవులు గల మెట్టమృగము. నంద్యాల జిల్లాలో రోళ్లపాడు బట్టమేకపిట్టకొఱకు 1988లో అభయారణ్యమైనది. ఆ బయళ్లలో కృష్ణజింకలతోపాటు తోడేళ్లును కలవు.

వేసవి ముఖమున బొచ్చు రాలిన తోడేలును చూచి రోగము పట్టినదనియో, పిచ్చియెత్తినదనియో తలచుట సహజము. ఆ తలపే దాని ప్రాణము మీదికి వచ్చును. చలికాలమున పెరిగిన వెండ్రుకలు వేడి హెచ్చగానే కుచ్చులు కుచ్చులుగా రాలును. కొన్నాళ్లు అది చినిగిన గొంగళి కప్పుకొన్నట్లుండును. బొచ్చు తగ్గుటచే ప్రక్కటెముకలు తేలి, ఉన్నదానికంటె బక్కగా కనబడును. హిమాలయ ప్రాంతపు తోడేలుకు దట్టమైన ఉన్ని కలదు. దక్కను తోడేలుకు లోపలినూగు స్వల్పము. వింత యేమనగా, వీపుమీది వెండ్రుకలు మాత్రము వేసవిలోను పొడవుగనే యుండును. అవి యెండను అడ్డుకొనుటకని శాస్త్రజ్ఞుల ఊహ. కాపరి మిట్టమధ్యాహ్నమున గొంగళి నెత్తిన వేసికొనుటయు నిట్టిదే కదా!

ఇక కడుపు సంగతి. భీమునికి వృకోదరుడను పేరిచ్చిన పెద్దలు తోడేలు తిండినే తలచిరి గాని పస్తులను తలచలేదు. దొరికిననాడు కడుపు పట్టినంత మెక్కును. దొరకనిచో దినములకొలది పస్తుండును. ఒకనాటి డొక్కను చూచి సంవత్సరపు లెక్క కట్టరాదు. ఆడుది ఏటికొకసారి, సాధారణముగా చలికాలమున, సుమారు 63 దినములు మోసి ఈనును. పాలిచ్చు తల్లి చిక్కును. గుంపులోని తోడివి తాము తిన్న మాంసమును కక్కి పిల్లలకు పెట్టును. ఆ చిక్కుట వ్యాధి కాదు, పోషణవ్యయము.

గజ్జి పట్టినదాని చర్మము పొలుసులుకట్టి బోడిగా నుండును. పిచ్చిపట్టినది తఱచు మనిషిని చూచియు తొలగదు. అది కఱచినచో గాయమును సబ్బునీట 15 నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవలెను.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము తోడేలును చంపుట నేరమనుచున్నది. గొఱ్ఱెను పోగొట్టుకొన్న కాపరికి ఈ మాట కడుపు నింపదు. నష్టమంతయు అతడొక్కడే మోయుట న్యాయమును కాదు. తోడేలుపిల్లలు పెరుగు నెలలలో కూనలకు తిండి కావలసి పెద్దవి ఎక్కువగా తిరుగును. మెట్టలో మిగిలిన మందలకు అప్పుడే ముళ్లదొడ్డి గట్టిగా నుండవలెను. గొఱ్ఱెపిల్లలను నడుమ నుంచి, కుక్కలను విప్పి, మనుషులు ఇరుప్రక్కల పండుకొనవలెను.