పిల్లల మొదటి కొండనడక

(ప్లాటినం జూబిలీ సభలో చదివిన ప్రసంగ పాఠం)



మదురైలో తెలుగు కుటుంబాలు నాయక రాజుల కాలం నుండి స్థిరపడి ఉన్నవి. విశ్వనాథ నాయకుడు 1529 ప్రాంతంలో పాలన చేపట్టిన నాటి నుండి లెక్కించినా దాదాపు ఐదు శతాబ్దములు. ఇన్ని తరాలుగా ఈ గడ్డపై నిలిచిన ఇళ్ళలోని పిల్లలలో చాలామంది నగరం చుట్టూ ఉన్న కొండలను బస్సు కిటికీలో నుండి చూచుటయే గాని పాదం మోపి ఎరుగరు. యానైమలై ఎక్కడ అని అడిగితే ఒత్తకడై దగ్గర అని చెప్పగలరు. ఆ రాయి ఉదయం ఎంత చల్లగా ఉండునో, పదకొండు గంటలకు ఎంత కాలునో చెప్పలేరు.

ఇంటివారి భయం అకారణం కాదు. 2018 మార్చి 11న తేని జిల్లాలోని కురంగణి కొండలలో కార్చిచ్చు చుట్టుముట్టి, నడకయాత్రకు వెళ్ళిన వారిలో 20 మందికి పైగా మరణించిరి. ఆ వార్త చదివిన తల్లి అనుమతి పత్రంపై సంతకం చేయుటకు వెనుకాడుట సహజం. ఆమెకు ధైర్యం చెప్పి ప్రయోజనం లేదు. ప్రణాళికను కాగితంపై చూపవలెను. ఎండుగడ్డి కాలంలో వెళ్ళుట లేదనియు, అడవి దారి పట్టుట లేదనియు, ఏ గంటకు ఎక్కడ ఉందురో, ఏ బస్సుకు తిరిగి వత్తురో అందులో కనిపించవలెను. అడవిలోనికి పోవు దారులకు అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. మొదటిసారి నడచు పిల్లలకు అటువంటి దారులే అక్కరలేదు.

మదురైకి పడమరగా సుమారు 12 కిలోమీటర్ల దూరంలో కీళకుయిల్‌కుడి వద్ద ఉన్న సమణర్ మలై ఈ పనికి తగిన కొండ. కొండ మొదట్లో తామర కొలను, అయ్యనార్ గుడి, పెద్ద మర్రిచెట్ల నీడ ఉన్నవి. అక్కడి నుండి రాతిలో మలచిన మెట్లు పేచ్చిప్పళ్ళం అను చోటికి చేర్చును. 9, 10 శతాబ్దములలో జైనులు చెక్కించిన తీర్థంకరుల విగ్రహాలు, వట్టెళుత్తు లిపిలోని శాసనాలు అచట ఉన్నవి. చిన్న పిల్లలు ఆగుతూ ఎక్కినను అలసిపోరు. ఇది రక్షిత స్మారకం గనుక శిల్పములను తాకుట, రాతిపై పేర్లు గీయుట కూడదని కొలను దగ్గరనే చెప్పవలెను. పైకి చేరిన తరువాత చెప్పినది వారి చెవికెక్కదు.

అళగర్ కోవెల కూడ మంచిదే. పైన పళముదిర్‌చోలై, నూపుర గంగ వరకు నీడ దొరకును. కాని కోతుల బెడద ఎక్కువ. పొట్లం చేతపట్టుకొని నడచిన పిల్లవానికి అది దక్కదు. కోయంబత్తూరు వారికి మరుదమలై ఉన్నది. గాంధీపురం నుండి బస్సు కొండ పాదం వరకు చేర్చును. అక్కడ ఏనుగుల సంచారం గలదు గనుక సాయంకాలం వరకు ఉండరాదు. ఏడు కొండల వెళ్ళియంగిరి పేరు తరచు వినబడుచుండును గాని అది పెద్దలకే కఠినం, పిల్లల ప్రస్తావనలోనికే రాగూడదు.

ఇక బస్సు సంగతి. ప్రణాళికలో ముప్పాతిక భాగం ఇదే. ప్రత్యేక బస్సు మాట్లాడుకొనుట సులభమని అందురు. కాని ఆ ఖర్చు భరించలేని ఇంటి పిల్లవాడు ఏదో సాకు చెప్పి ఆగిపోవును. పట్టణ బస్సు అయితే ఎవరును ఆగనక్కరలేదు. 2021 మే నుండి సాధారణ పట్టణ బస్సులలో స్త్రీలకు ఛార్జీ లేదు గనుక ఆడపిల్లలకు, ఉపాధ్యాయినులకు, తోడు వచ్చు తల్లులకు ఖర్చే లేదు.

40 మంది పిల్లలు ఒక్కసారిగా పట్టణ బస్సులో ఎక్కుట అసాధ్యం, అన్యాయం కూడ. ఆ బస్సు కొరకు పనికి పోవువారు కాచుకొని ఉందురు. 24 మంది చాలు. ఎనిమిది మందికి ఒక పెద్ద చొప్పున మూడు జట్లు. వీరు గాక వెనుక నడచుటకు ఒకరు. పెరియార్ బస్ స్టాండులో, బస్సు బయలుదేరు చోటనే ఎక్కవలెను; నడుమ దారిలో ఎక్కిన జట్టు చీలిపోవును. ఈ ప్రాంతపు పట్టణ బస్సులలో స్త్రీలు ముందు, పురుషులు వెనుక కూర్చొనుట వాడుక. ఆడపిల్లలు, మగపిల్లలు కలిసిన జట్టు ఎక్కిన వెంటనే రెండుగా విడిపోవును గనుక ముందు ద్వారం వద్ద ఒకరు, వెనుక ద్వారం వద్ద ఒకరు నిలువవలసినదే. అందరికంటె ముఖ్యముగా, ఒకరిద్దరు ఉపాధ్యాయులు అంతకు ముందటి వారం అదే రోజున, అదే బస్సులో వెళ్ళి, తిరుగు బస్సు వేళను కండక్టరును అడిగి వ్రాసుకొని రావలెను. ఆదివారపు వేళలు వేరుగా ఉండవచ్చును.

తిరుగు బస్సు వేళ తెలిసిన తరువాతనే మిగిలిన గంటలను వెనుక నుండి లెక్కించవలెను. బస్సు పదకొండుంబావుకు అనుకొందము. అరగంట ముందుగా కొలను గట్టున ఉండవలెను. దిగుటకు ముప్పాతిక గంట. కాబట్టి పది గంటలకు, ఎక్కడ ఉన్నను సరే, వెనుదిరుగవలెను.

చెప్పుట తేలికగాని చేయుట ఇక్కడనే కష్టం. కొండపై, పేచ్చిప్పళ్ళం దాటిన తరువాత దీపస్తంభం వద్ద ఒక పాత కన్నడ శాసనం ఉన్నది. కన్నడ, తెలుగు లిపులు ఒకే మూలం నుండి వచ్చినవి గనుక తెలుగు అక్షరములు నేర్చిన పిల్లవానికి ఒకటి రెండు గుర్తు దొరకునేమో అన్న ఆశ కలుగును. ఆ ఆశ ఉపాధ్యాయునికే ముందు కలుగును. వేగముగా నడచు నలుగురు అప్పటికే పైకి చూచుచుందురు. కాలు నొచ్చిన ఒక్క పిల్ల మెట్టుపై కూర్చొని ఉండును. గడియారం పది గంటలు చూపినచో శాసనం మరొక ఏటికి మిగులవలెను. జట్టును రెండుగా చేసి, నలుగురిని పైకి పంపుట అన్ని తప్పులలోకి పెద్ద తప్పు. నడక వేగం ఆ కూర్చున్న పిల్లది. ఆమెను మొదటి నుండియు వరుస ముందు నడిపించినచో ఎవరికిని ఆ సంగతి తెలియనైన తెలియదు.

వానలకు రాయి జారును, వేసవిలో కాలును. ఈశాన్య ఋతుపవనం వెనుదిరిగిన తరువాత, జనవరి నెల శ్రేష్ఠం. ఒక్కొక్కరికి లీటరుకు తక్కువ కాకుండ నీరు, తలకు టోపి, కాళ్ళకు అలవాటైన బూట్లు; ఆనాటి కొరకు కొన్న కొత్త బూట్లు బొబ్బలు తెచ్చును. పులిహోర స్టీలు డబ్బాలో చాలు. కొండరాళ్ళకు తేనెపట్టులు ఉండవచ్చును గనుక రాళ్ళు విసరుట, పొగ పెట్టుట, సెంటు పూసుకొని వచ్చుట నిషేధం. బస్సు బోర్డు తమిళంలో ఉండును. దానిని చదివి చెప్పు పని ప్రతి జట్టులోను చిన్నవానికి అప్పగించవలెను.

తిరుగు ప్రయాణంలో పిల్లలలో సగం మంది నిద్రపోదురు. బస్ స్టాండులో దిగిన తరువాత, గేటు దాటక ముందు, మూడు జట్లను నిలిపి పేరు పేరున పిలువవలెను. లెక్క 24 అయిన తరువాతనే ఇళ్ళకు కబురు పంపవలెను.