రేపటి ఆర్డరు మనమే రాసుకుందాం
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను పెద్ద చదువులు చదివినవాణ్ణి కాదు. ఇంటర్మీడియట్ అవగానే భర్తీకి వెళ్లి నిలబడ్డాను. సుబేదారుగా పెన్షను మీద వచ్చాను. ఇప్పుడు రాయపూర్‌లో స్టేషనుకు అవతలి వైపు, గుఢియారీలో ఉంటున్నాను. విజయనగరం రైలు మార్గం 1931లో పూర్తయిన దగ్గర్నుంచీ మనవాళ్లకు ఈ ఊరితో రాకపోకలు ఎక్కువ. అందుకే ఇక్కడ కూడా ఇంత పెద్ద తెలుగు సభ జరుపుకోగలుగుతున్నాం.

ఈ రోజు నేను చెప్పే విషయం చాలా చిన్నది. రోజూ చేయవలసిన పనులను కాగితం మీద రాసుకోవడం. "ఏంటి సాబ్, బజారు చీటీ గురించి ఉపన్యాసమా?" అని నిన్న ఒకాయన నవ్వారు. వారు ముందు వరసలోనే కూర్చున్నారు. చివరిదాకా వినమని కోరుతున్నాను.

సర్వీసులో ఉన్నన్నాళ్లూ మనకు ఈ చీటీ అవసరం రాలేదు. ఎందుకంటే మన కోసం ఇంకొకరు రాసేవారు. సాయంత్రం రోల్‌కాల్‌లో కంపెనీ హవల్దార్ మేజర్ నిలబడి రేపటి డీటెయిల్ చదివేవాడు. గార్డు ఎవరు, ఫెటీగ్ ఎవరు, ఎం.ఐ. రూముకి ఎవరు, ఏ టైముకి, ఏ డ్రెస్సులో, ఎక్కడ ఫాలిన్ కావాలి, అంతా తేటతెల్లం. వినేసి హాయిగా పడుకునేవాళ్లం. మర్నాడు ఏం చేయాలో అనే బరువు మన బుర్ర మీద ఉండేది కాదు.

పెన్షను వచ్చిన మర్నాటి నుంచి ఆ గొంతు వినపడదు. మొదటి నెల బాగానే ఉంటుంది. బంధువులు, విందులు, తిరుపతి ప్రయాణం. మూడో నెలకు పొద్దున్న పేపరు, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం ఏం తోచక ఇంట్లోవాళ్ల మీద కేకలు. కొందరికి క్యాంటీన్ సీసాయే టైంటేబుల్ అయిపోతుంది. నలభైల్లో, యాభైల్లో ఇంటికి వచ్చే మనిషికి ఇంకా ఇరవై ముప్పై ఏళ్ల బతుకు ముందుంది. దాన్ని ఆర్డరు లేని ప్లాటూనులా వదిలేయకూడదు. అందుకే రేపటి ఆర్డరు మనమే రాసుకోవాలి అంటున్నాను.

రాయడం వల్ల ఒరిగేదేమిటి అంటారా? వైమానిక దళం సోదరులకు బాగా తెలిసిన సంగతి ఒకటి చెబుతాను. 1935 అక్టోబరు 30న అమెరికాలో ఒహాయో రాష్ట్రం రైట్ ఫీల్డ్‌లో బోయింగ్ కంపెనీ కొత్త బాంబరు, మోడల్ 299, లేచిన కాసేపటికే కూలిపోయింది. నడిపినవారు మేజర్ ప్లోయర్ హిల్, చెయ్యి తిరిగిన పైలట్. గాలికి కదలకుండా రెక్కల, తోక భాగాలకు వేసే లాకు తీయకుండానే విమానం లేచింది. ఆయనా, బోయింగ్ పైలట్ లెస్లీ టవర్ గారూ ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత వాళ్లు ఎక్కువ ట్రైనింగు పెట్టుకోలేదు, చెక్‌లిస్టు తయారు చేసుకున్నారు. అదే విమానం తర్వాత బి-17 పేరుతో రెండో ప్రపంచయుద్ధమంతా ఎగిరింది. నేర్పున్నవాడు కూడా మరిచిపోతాడు, కాగితం మరిచిపోదు.

ఇంకొకటి. 2018లో అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయం వారు 57 మంది యువతీ యువకులతో ఒక పరీక్ష చేశారు. పడుకునే ముందు అయిదు నిమిషాలు కొందరి చేత రాబోయే రోజుల పనులు రాయించారు, మిగతావారి చేత అయిపోయిన పనులు రాయించారు. చేయవలసినవి రాసుకున్నవారు సుమారు 9 నిమిషాలు ముందుగా నిద్రలోకి జారుకున్నారు. అది చిన్న పరీక్షే. కానీ మన రోల్‌కాల్ సాయంత్రమే ఎందుకు పెట్టారో నాకు అది చదివాక ఇంకా బాగా అర్థమైంది.

ఇక పద్ధతి. ఖరీదైన డైరీ అక్కర్లేదు. పిల్లల నోటుబుక్కు, ఒక పెన్ను చాలు. ఫోనులో రాసుకునేవారు రాసుకోండి. నాకు మాత్రం ఫోను తెరిస్తే జాబితా కంటే ముందు వాట్సాప్ కనబడుతుంది.

మొదటి మాట: రాత్రి భోజనం అయ్యాక రాయండి. ఆరు పనులకు మించవద్దు. అందులో తప్పక జరగాల్సినవి మూడు, వాటిని పైన రాయండి.

రెండోది: పనిని పనిలా రాయండి. "పెన్షన్ సంగతి" అని రాస్తే అది పని కాదు, దిగులు. "పది గంటలకు పి.పి.ఓ., ఆధార్ జిరాక్సులు తీయించి కవరులో పెట్టాలి" అంటే అది పని. మన ఆర్డరులో ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని ఉండేది కదా, అలాగన్నమాట.

మూడోది: దారిని బట్టి వరస పెట్టుకోండి. పెట్రోలింగు రూటులాగా. నాకు గుఢియారీ హోల్‌సేల్ బజారులో సరుకులు, స్టేషనులో టికెట్టు ఒకవైపు పనులు. ఇ.సి.హెచ్.ఎస్. పాలీక్లినిక్, క్యాంటీను, సైనిక సంక్షేమ కార్యాలయం ఇంకో రోజు పనులు. అన్నీ కలిపి ఒకేరోజు పెట్టుకుంటే రాయపూర్ ఎండలో మే నెలలో మనమే పాలీక్లినిక్‌లో చేరాలి.

నాలుగోది: ఒక పని చేస్తున్నప్పుడు రెండోదాని జోలికి పోవద్దు. మధ్యలో ఏదైనా గుర్తొస్తే కాగితం కింద రాసి పెట్టి, చేతిలో పని ముగించండి. ఫైరింగ్ రేంజిలో పక్కవాడి టార్గెట్టు చూసినవాడికి తన గ్రూపింగు రాదు.

అయిదోది: మిగిలిన పనిని రేపటికి ఎక్కించండి. మూడుసార్లు ఎక్కించాల్సి వస్తే ఆగి ఆలోచించండి. అది పెద్ద పనైతే ముక్కలు చేయండి, మన వల్ల కాకపోతే కొడుక్కో కూతురికో అప్పజెప్పండి, అవసరమే లేకపోతే కొట్టిపారేయండి.

ఆరోది: రోజంతా నింపేయకండి. ఏ కమాండరైనా రిజర్వు ఉంచుకుంటాడు. 2024 ఏప్రిల్ 5న మా గుఢియారీ ప్రాంతంలో విద్యుత్ పంపిణీ సంస్థ వారి ట్రాన్స్‌ఫార్మర్ల గోడౌను తగలబడింది. ఊరంతా కనిపించేలా నల్లటి పొగ. అలాంటి రోజున చుట్టుపక్కలవాళ్లకు జాబితా గీబితా ఏమీ ఉండదు, ముసలివాళ్లను, పిల్లలను దూరంగా తీసుకెళ్లడమొక్కటే పని. జాబితా మన నౌకరు, మనం దానికి నౌకరు కాదు.

నోటుబుక్కు వెనక పేజీలో నెలల వారీ గడువులు రాసుకోండి. లైఫ్ సర్టిఫికెట్ సంగతి చూడండి. జీవన్ ప్రమాణ్ 2014 నవంబరులో వచ్చాక వేలిముద్రతో పని జరుగుతోంది. కానీ స్పర్శ్‌లోకి మారినవాళ్లకు ఏటేటా గుర్తింపు గడువు అందరికీ నవంబరే కానక్కరలేదు. మీ ప్రొఫైల్‌లో చూసి ఆ తేదీ రాసుకోండి, దానికి నెల ముందే రోజు జాబితాలోకి ఎక్కించండి. రైలు రిజర్వేషను కూడా 2024 నవంబరు 1 నుంచి 60 రోజుల ముందే ఇస్తున్నారు. సంక్రాంతికి ఊరెళ్లాలంటే నవంబరు నడిమిలోనే ఆ పని జాబితాలో ఉండాలి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. మా వైపు ఇద్దరు మాజీ సైనికులు కొద్ది నెలల తేడాతో కాలం చేశారు. పేర్లు వద్దు. మొదటాయన ఇంట్లో కాగితాలు మూడు పెట్టెల్లో, ఒక గోనె సంచిలో ఉన్నాయి. భార్య పేరు ఒక కాగితంలో ఒకలా, ఇంకోదాంట్లో ఇంకోలా ఉంది. ఆ తల్లి కుటుంబ పెన్షను కోసం నెలల తరబడి తిరిగింది. ఏ కాగితం ఎందుకో ఆవిడకు తెలియదు, చెప్పేవాడు లేడు. రెండో ఆయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు, కానీ రోజూ జాబితా రాసేవాడు. ఆయన నోటుబుక్కులో రెండేళ్ల కింద ఒక పేజీలో ఇలా ఉంది: ఆవిడ పేరు ఆధార్‌లో సరిచూడాలి, టిక్కు. జాయింట్ ఫోటో, టిక్కు. బ్యాంకు నామినీ, టిక్కు. కాగితాలన్నీ నీలం ఫైలు, బీరువా పైఅర, ఆవిడకు చూపించాలి, టిక్కు. పక్క పేజీలో కందిపప్పు, స్కూటరు సర్వీసింగు. పదమూడో రోజు అయ్యాక ఆవిడ నీలం ఫైలు తెచ్చి మా చేతికిచ్చింది. అందులో ఒక్క కాగితం తక్కువ లేదు.

బజారు చీటీ అని నవ్వకండి అన్నది ఇందుకే. ఆ నాలుగు టిక్కులూ ఆయన నాలుగు మామూలు రోజుల్లో, పప్పు కొనే రోజుల్లోనే పెట్టాడు. పెద్ద బాధ్యత అంటూ దానికి వేరే రోజు రాదు. మామూలు రోజుల్లోనే ఒక్కో లైనుగా దాన్ని పూర్తి చేయాలి.

సర్వీసులో ఉన్న తమ్ముళ్లకు కూడా ఒక మాట. యూనిట్ మీ రోజును నడుపుతుంది గాని మీ ఇంటిని నడపదు. పెళ్లి, పిల్లల పుట్టుక పార్ట్ టూ ఆర్డరులో పడ్డాయా, పేర్ల స్పెల్లింగు సరిగా ఉందా, నామినేషను ఎవరి పేరున ఉంది, ఇవి ఈసారి సెలవుకు వెళ్లే ముందు మీ చీటీలో రాసుకోండి. ఈ రోజు క్లర్కు దగ్గర పావుగంటలో తేలే పని, రేపు మీ ఇంటివాళ్లకు పావు సంవత్సరం పట్టవచ్చు.

అమ్మలారా, అక్కలారా, మీరు ఒక పని చేయండి. ఆయన రాసిన జాబితా రోజూ ఒకసారి చదవండి. అందులో మీకు తెలియని పని ఉంటే అడగండి. ఆయనకు విసుగొచ్చినా సరే, అడగండి.

ఈ రాత్రి ఇంటికెళ్లాక అయిదు నిమిషాలు కూర్చోండి. ఆరు లైన్లు రాయండి. మొదటి లైనులో మీ ఇంటి కాగితాల పని ఏదో ఒకటి ఉండేలా చూసుకోండి. రేపు రాత్రికి దాని పక్కన టిక్కు పెట్టండి. మన రోల్‌కాల్ మనమే తీసుకుందాం.

 జై హింద్.

— ఒక విశ్రాంత సుబేదారు, గుఢియారీ, రాయపూర్